వాన పాటకు మొదటి స్థానం

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఈ మధ్యే ఒక ఎఫ్ఎం స్టేషన్లో మాట్లాడే ఉద్యోగంలో చేరిందట. తొంభైల్లో వచ్చిన సినిమా పాటల్లో మేటి పది పాటలు ఏరి, వరుస పెట్టి వినిపించాలట. "మేడమ్, మీరు సీనియర్ కదా, మీ లెక్కలో నంబర్ వన్ ఏది?" అని అడిగింది.

"ఏ నెలలో వేస్తున్నావమ్మా?" అన్నాను.

ముసలావిడకు మతి తప్పిందనుకుని ఉంటుంది. మర్యాదగా "థాంక్యూ మేడమ్" అని పెట్టేసింది.

నేనడిగింది పిచ్చి ప్రశ్న కాదు. అనంతపురంలో రేడియో అనౌన్సరుగా పనిచేసి రిటైరైన దాన్ని. ఈ జిల్లాలో మేటి పాట ఏదని అడిగే ముందు నెల అడగాలని నాకు ఉద్యోగమే నేర్పింది. ఆ సంగతి ఫోన్లో చెబితే అయ్యేది కాదు గనక ఇక్కడ రాస్తున్నాను. పాటల పల్లవులు మాత్రం రాయను. రాశానంటే మా పాత శ్రోతలంతా మళ్ళీ కొట్లాటకు దిగుతారు, నా ఫోన్ మోగి మోగి చస్తుంది. వాన పాట, రైలు పాట అని మాత్రం అంటాను. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది.

పేర్లు చదవడం

కొత్తగా చేరేవాళ్ళకు మొదట చెప్పాల్సింది ఒకటుంది. మన ఉద్యోగం పాటలు వేయడం కాదు. పాట ఎవరైనా వేస్తారు, ఇప్పుడైతే జేబులోని ఫోనే వేస్తుంది. మన ఉద్యోగం పేర్లు చదవడం.

శ్రోతలు కోరిన పాటల కార్యక్రమానికి పోస్టుకార్డులు బస్తాల్లో వచ్చేవి. ఒక్కో పాట ముందు కోరినవారి పేర్లు, ఊళ్ళు చదివేదాన్ని. పాటకంటే పేర్ల తోకే పొడుగని పట్నంవాళ్ళు వెక్కిరించేవారు. వెక్కిరించనీ. ఎక్కడో మెట్టచేలో కలుపు తీసుకునే మనిషికి తన పేరు గాలిలోంచి వినబడితే ఎట్లా ఉంటుందో వాళ్ళకేం తెలుసు? ఒకసారి తొందరలో ఒక ఊరి పేరు తప్పు చదివాను. మరునాడు ఆ ఊరివాళ్ళు జీపు కట్టించుకుని స్టేషన్‌కు వచ్చారు. తన్నడానికే వచ్చారనుకుని మా వాచ్‌మన్ గేటు మూశాడు. వాళ్ళొచ్చింది సరిగ్గా మళ్ళీ చదవమని అడగడానికి. టీ తాగించి పంపి, సాయంత్రం వాళ్ళ ఊరి పేరు తీరికగా, నోరారా చదివాను.

పాటల పిచ్చి ఉన్నవాళ్ళంతా శ్రోతల సంఘాలు పెట్టుకునేవాళ్ళు. ఉరవకొండ పక్క ఒక పల్లెలో ఉన్న సంఘానికి పెద్ద నాగప్ప, వేరుశనగ రైతు. కొత్తచెరువు సంఘానికి పెద్ద మస్తాన్, టైలరు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే, నా పేరు మీద కార్డులు రాస్తూ ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నారు. నాగప్పది వాన పాట పక్షం. మస్తాన్‌ది రైలు పాట పక్షం. "రైలు పాటలో ఆ మొదటి ఈల ఉండాది చూడక్కా, ఆ ఈల ముందర మీ నాగప్ప వాన పాట దిగదుడుపే" అని మస్తాన్ రాసేవాడు. "ఈల ఎవుడైనా ఏస్తాడు, మా పక్క బస్సు కండక్టరు గూడా ఏస్తాడు. అదీ ఒక పాటేనా అని మస్తానును అడుగు అక్కా" అని నాగప్ప రాసేవాడు. నేను రెండూ చదివి వినిపించేదాన్ని. జిల్లా అంతా నవ్వుకునేది.

గోదావరి పెద్దాయన

ఆ రోజుల్లో నా పై అధికారి గోదావరి జిల్లా మనిషి. చెవి గొప్పది, ఓపిక తక్కువ. పాటకు ముందు నేను కవిత్వం మొదలుపెడితే స్టూడియో అద్దం అవతలనుంచి చేత్తో గొంతు కోస్తున్నట్టు సైగ చేసేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎఫ్ఎంలో పిల్లలు పాట పల్లవి మీద కూడా మాట్లాడుతుంటే ఆ చెయ్యి గుర్తొస్తుంది, ఆయన రైటేననిపిస్తుంది. కానీ పేర్లు తగ్గించమన్నప్పుడు మాత్రం నేను మాట వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

తొంభైలు ముగుస్తున్నాయనగా ఆయనకో ఆలోచన వచ్చింది. ఆ దశాబ్దపు మేటి పది పాటల్ని శ్రోతలే ఎంచాలి, పదినుంచి ఒకటిదాకా మనం వినిపించాలి. జూన్‌లో ప్రకటించాం. కార్డులు కుప్పలు పడ్డాయి. వాన పాట అందనంత ముందుంది. మస్తాన్ రైలు పాట ఎక్కడో వెనక రొప్పుతూ వస్తోంది. ఇంతలో కార్యక్రమం వాయిదా పడింది. ఎందుకు పడిందో రాయను, అదంతా ఆఫీసు గోల. కార్తీకంలో మళ్ళీ ప్రకటిస్తూ, పాత కార్డులు పాతబడ్డాయి, కొత్తగా రాయమన్నాం.

ఈసారి వాన పాటకు దిక్కు లేదు. నాగప్ప సంఘంనుంచి కూడా ఒక్క కార్డు రాలేదు.

పెద్దాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఇదేంటండీ? జూన్‌లో మొదటిది, ఇప్పుడు పదిలోనే లేదా? నాలుగు నెలల్లో పాట పాడైపోయిందా ఏంటి? ఈ సంఘాలవాళ్ళు కూడబలుక్కుని ఆడుతున్నారండీ మనతో. మీరెళ్ళి కనుక్కు రండి."

నాగప్ప చేను

ఉరవకొండదాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో, ఆ తర్వాత నడక. చేలన్నిట్లో వేరుశనగ పీకి, చెట్లను చిన్న చిన్న కుప్పలుగా ఎండబెట్టారు. ఒక కుప్ప మీద రేడియో పెట్టి ఉంది. "అన్నా, నాగప్పగారి చేను ఏది?" అని అడిగానో లేదో, వంగి పనిచేస్తున్న మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఆ గొంతు... రేడియో అక్క కదా!" అని తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "లచ్చుమ్మా, ఇటు రా! ఎవురొచ్చినారో చూడు!"

ఆయన భార్య లక్ష్మమ్మ చెట్లనుంచి కాయలు తెంచుతూ కూర్చుని ఉంది. లేవలేదు. ఒళ్ళో కాయలు అట్లాగే పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసి, "గొంతు వింటే లావుగా ఉంటావనుకుంటి" అంది.

మంచినీళ్ళు తాగాక అడిగాను. "అన్నా, విత్తనం వేసేటప్పుడు మీ సంఘమంతా వాన పాట అన్నారు. ఇప్పుడు ఒక్కరూ రాయలేదు. ఏమైంది?"

నాగప్ప నన్ను వింతగా చూశాడు. "ఏమక్కా, నువ్వు ఈ జిల్లా దానివే కదా? కాయ పీకి చేన్లో ఏసుకోని, వాన పాట ఎవురన్నా అడిగి ఏపిచ్చుకుంటారా?"

అప్పటికి అర్థమైంది. ఒక ఏడు ఆ పాట వినిపించిన పొద్దు మబ్బు కమ్మి వాన కురిసిందట. అప్పటినుంచి ఆ పక్క పల్లెల్లో అదొక కట్టుబాటు. విత్తనం వేసే కాలంలో పాట రావాలని కార్డులు రాస్తారు. కాయ పీకే కాలంలో పొరపాటున ఆ పాట వచ్చినా రేడియో కట్టేస్తారు. పీకిన కాయ తడిస్తే నల్లబడుతుంది, మొలకెత్తుతుంది, పశువుల మేత కుళ్ళిపోతుంది. ఏడాది కష్టం మట్టిపాలు. నేను టౌనులో పుట్టి పెరిగిన దాన్ని. ఇన్నేళ్ళూ ఆ కార్డుల్ని పాట మీద ప్రేమనే అనుకున్నాను.

"ఈయప్ప మాట నమ్మొద్దక్కా" అంది లక్ష్మమ్మ. "పాట బాగుండాదా లేదా అని కదా నువ్వు అడిగింది? దానికీ వానకీ ఏమి సంబంధం? వాన రాకడా ప్రాణం పోకడా ఎవురికి ఎరుక?"

"నీ నోరు ఊరికుండదా" అన్నాడు నాగప్ప మబ్బు వైపు చూస్తూ.

"యాల ఊరికుంటాను? అక్కా, గొర్రు ఎనక పోతా ఇత్తనం ఇడిసేది నేను. ఆ పాట పాడుకుంటా ఇడిస్తే చెయ్యి తప్పదు, సాలు పొడుగూతా గింజ సమంగా పడతాది. నాకు అదే మొదటి పాట. ఎండలోనూ అదే, వానలోనూ అదే." ఇంకో కాయ తెంచి ఒళ్ళో వేసుకుని మళ్ళీ అంది. "మా ఇంట్లో పాట చెప్పేది నేను. కార్డు రాసేది ఈయప్ప. నువ్వు చదివేది ఈయప్ప పేరు. నేనేమో 'మరియు కుటుంబ సభ్యులు'."

నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. ఎన్నేళ్ళుగా చదువుతున్నాను ఆ మాట! ఎంతమంది ఆడవాళ్ళను కలిపి ఒక్క ఊపిరిలో దాటేశానో.

"నా పేరు లక్ష్మమ్మ" అంది ఆమె, నాకు తెలియదన్నట్టు. "ఒక్కసారి చదువక్కా. నా పాట మొదట రావల్ల, దానికి ముందర నా పేరు రావల్ల. ఇంగేమీ అడగను."

"వచ్చే ఆదివారమే కార్యక్రమం, చదువుతాను" అన్నాను.

నాగప్ప చేతులు జోడించాడు. "ఈ ఆదివారం వద్దక్కా. కాయ ఇంటికి చేరేదంకా ఆ పాట ఏయొద్దు. నీకు దండం పెడతా."

లక్ష్మమ్మ మొగుడి ముఖం చూసింది. ఇంకేదో అనబోయి, ఒళ్ళోని కాయలు బుట్టలో పోసింది. "సరేలే అక్కా. ఇన్నేండ్లు ఆగినా. ఇంగ నాలుగు దినాలు ఆగలేనా" అంది.

గాలిలో పోయిన మాట

తిరిగొచ్చి పెద్దాయనకు చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మా వైపు వాన పాటంటే గొడుగు గుర్తొస్తుందండీ. ఇక్కడ ఇంత కథ ఉందా!" అన్నాడు. జూన్ కార్డులు, కార్తీకం కార్డులు కలిపి లెక్క వేయించాడు. వాన పాటే మొదటిదని తేలింది. జిల్లాలో కాయ ఇళ్ళకు చేరేదాకా కార్యక్రమం ఆపాడు. పైవాళ్ళకు ఏం సాకు చెప్పుకున్నాడో నాకు తెలియదు. ఓపిక తక్కువ మనిషి ఆ ఒక్క విషయంలో ఓపిక పట్టాడు. ఆయన మీద నాకున్న కోపాలన్నీ అక్కడ చెల్లు.

కాయ చేరాక, కార్యక్రమం పెట్టిన సాయంత్రం లైవులో చదివాను. పది, తొమ్మిది, ఎనిమిది అంటూ దిగుతూ వచ్చి, రెండో స్థానంలో రైలు పాట వేశాను. ఆ తర్వాత చెప్పాను. "ఈ పదేళ్ళ మేటి పాట. మొదటి స్థానం. కోరినవారు, ఉరవకొండ దగ్గరనుంచి లక్ష్మమ్మ గారు." అంతే. పక్కన మొగుడి పేరు లేదు, కుటుంబ సభ్యులు లేరు. అద్దం అవతల పెద్దాయన చేత్తో గొంతు కోయలేదు. పాట నడుస్తున్నంతసేపూ ఆమె ముఖం ఎట్లా వెలుగుతుందో ఊహించుకుంటూ కూర్చున్నాను.

ఆమె వినలేదు.

ఆ ఏడు కాయలో పప్పు లేదు, అంతా తాలే. ఎద్దులనమ్మి, ఇంటికి తాళం పెట్టి, నా కార్యక్రమానికి ముందే వాళ్ళు బెంగుళూరు బస్సెక్కారు. అక్కడ కట్టడం పనిలో చేరారు. మా స్టేషన్ గొంతు అంత దూరం పోదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా, మస్తాన్ ద్వారా తెలిసింది. ఎవరినో అడిగి అడ్రసు పట్టుకుని, ఆ శత్రువే నాగప్పకు ఉత్తరం రాశాడట. "నా రైలును మీ ఇంటామె ఓడగొట్టింది. నీకు చేతకాంది ఆయమ్మకు అయింది" అని.

పిల్లలూ, ఈ ఉద్యోగంలో మనల్ని తినేసే సంగతి ఇదే. మైకు ముందు కూర్చుని ఒక మనిషికోసం ఒక మాట అంటాం. ఆ మనిషి విన్నదో లేదో మనకు తెలియదు. ఇప్పుడు మీకు తెరమీద అంకెలు కనిపిస్తాయి, ఎంతమంది వింటున్నారో. ఆ ఒక్కరు వింటున్నారా అన్నది అందులోనూ ఉండదు.

ఏళ్ళు గడిచాక నాగప్ప స్టేషన్‌కు వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. తల నెరిసింది. లక్ష్మమ్మ బెంగుళూరులోనే జబ్బు చేసి పోయిందన్నాడు.

"మస్తాను రాసిన జాబు చదివి వినిపిచ్చినా అక్కా. నీ పేరు రేడియోలో వచ్చిందంట, నీ పాట మొదట నిలిచిందంట అని. 'నువ్వు చెప్తే ఏముంది, అక్క చెప్పల్ల' అనింది. నవ్వతానే అనింది." తలగుడ్డ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "ఆ పొద్దు నువ్వు చెప్పిన మాట యాడన్నా దాచిపెట్టినారా?"

లేదు. లైవు కార్యక్రమం. రికార్డు చేయలేదు. అదే చెప్పాను.

"గాలికి పోయిందా?" అన్నాడు.

"కావాలంటే ఈరోజే మళ్ళీ చదువుతాను అన్నా."

"ఇనాల్సిన మనిషి లేదు కదక్కా. నేనే కదా ఆపింది, కాయ ఇంటికి రానీ అని. వచ్చినాది కాయ! తాలు కాయ." ఆ మాట అని వెళ్ళిపోయాడు. నేను ఆ రోజు డ్యూటీ ఎట్లా చేశానో నాకు గుర్తు లేదు.

కొత్తచెరువులో

కార్డులు పోయాయి, సంఘాలు మాత్రం పోలేదు. వాట్సాప్ గ్రూపుల్లోకి దిగాయి. పాత శ్రోతలు ఏటా కాయ ఇంటికి చేరినాక ఒక పూట కలుస్తారు, నన్నూ పిలుస్తారు. భోజనం చేసి, తొంభైల మేటి పాటలు మళ్ళీ ఎంచుతారు. ఒక్క ఏడూ ఒప్పుకోలు కుదరలేదు. బాణీ గొప్పదని ఒకరు, మాటలు గొప్పవని ఒకరు, పాడినవాళ్ళ గొంతని ఇంకొకరు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. వాళ్ళమధ్య కూర్చుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. రిటైరయ్యాక నాకు ఇల్లుంది, ఆరోగ్యముంది, తీరిక ఉంది. పేర్లు చదివే పని లేదు. పొద్దున్నే లేచి టీ పెట్టుకుంటూ ఊళ్ళ పేర్లు పైకే అనుకుంటాను. ఆ లోటు దేనితోనూ తీరడం లేదు.

అయితే ఈ మీటింగుల్లో ఒక తమాషా ఉంది. ఊరికి తిరిగొచ్చి మళ్ళీ చేను చేసుకుంటున్న నాగప్ప వస్తాడు గానీ వాన పాటకు ఓటెయ్యడు. మాటలు బాగలేవంటాడు, బాణీ పాతబడిందంటాడు. ఫోన్లో ఎవరైనా ఆ పాట పెడితే లేచి బయటికి పోతాడు. దాన్ని మొదటి స్థానంలో పెట్టమని ఏటా కొట్లాడేది మస్తాన్! రైలు పాటను ఆయనే వదిలేశాడు. ఎందుకని ఎవరూ అడగరు. అందరికీ తెలుసు.

ఈ ఏడు కొత్తచెరువులో మస్తాన్ ఇంటి మిద్దెమీద కలిశాం. వానలు ఆలస్యమై, విత్తనాలు ఆలస్యమై, మీటింగునాటికి చాలామంది కాయ ఇంకా చేలల్లోనే ఉంది. నాగప్పది కూడా. అయినా బస్సులు మారి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఉత్తరం దిక్కున మబ్బు పట్టింది. తింటున్నవాళ్ళు తలలెత్తి చూస్తూనే ఉన్నారు. మస్తాన్ కూడా ఈసారి వాన పాట ఊసెత్తలేదు. ఆయన అత్తగారింటివాళ్ళ కాయా చేలోనే ఉంది.

"ఈ పొద్దు ఆ పాట వద్దులే నాగన్నా, మొదటిది రైలు పాటే అనుకుందాం" అన్నాడు మెల్లగా.

"కాదు" అన్నాడు నాగప్ప.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"మొదటిది వాన పాటే. ఎండలోనూ అదే, వానలోనూ అదే. పెట్టు మస్తానూ."

"ఏమప్పా, కాయ చేన్లో ఉండాది! మబ్బు చూడు!"

"పోతే పోనీ. కాయ కోసం ఒకతూరి ఆపితి కదా. సాలు." నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు. ఆ పొద్దు చెప్పినట్లే చెప్పల్ల."

మస్తాన్ మనవరాలి పెళ్ళికి తెచ్చిన మైకు ఒకటి ఇంట్లో ఉంది. తెచ్చి నా చేతికిచ్చారు. లేచి నిలబడ్డాను. ఎన్నేళ్ళు చేసిన పనో, మాట తడబడలేదు. "ఈ పదేళ్ళ మేటి పాట. మొదటి స్థానం. కోరినవారు, ఉరవకొండ దగ్గరనుంచి లక్ష్మమ్మ గారు."

మస్తాన్ ఫోన్లో పాట నొక్కాడు. చేలల్లో కాయ ఉన్నవాళ్ళే ఎక్కువమంది. ఒక్కరు కూడా వద్దనలేదు, లేచి పోలేదు. చల్లగాలి తిరిగింది. నాగప్ప కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి, గింజలు విడుస్తున్నట్టు.

పాట అయిపోయింది. మస్తాన్ ఆయన దగ్గరగా వంగి, "ఇంగోసారి పెట్టల్లా నాగన్నా?" అని అడిగాడు.

నాగప్ప తల అడ్డంగా ఊపాడు.

"పాట వద్దు. అక్కా, ఆ పేరు ఇంగోసారి చెప్పు."